ఊరి మాట – రాక్ పాట

కళాశాల వార్షిక సంచికలో రాక్ సంగీతాన్ని గురించి వ్యాసమా అని కమిటీ పెద్దలలో కొందరు కనుబొమలు ముడివేయవచ్చును. నిరుడు ఇవే పుటలలో మొల్ల రామాయణాన్ని గురించి వ్రాసిన కలం ఈ ఏడు గిటారు మోతకు దిగినదేమని తోటి అధ్యాపకులు నవ్వుకొనవచ్చును. నవ్వుకొననివ్వండి. విన్న వెంటనే అర్థం కాని మాటలతో కావ్యం చెప్పడమెందుకని తన పీఠికలోనే వాదించిన కవయిత్రి మొల్ల. ఆమెను చదువుకొన్నవారికి మేము ఇప్పుడు చెప్పబోయే నలుగురు కుర్రవాళ్ల సంగతి బొత్తిగా పరాయిది కాదు.

మేము ఎం.ఏ. చదువుకొనే రోజులలో హాస్టలు గదిలో ఒక మిత్రుడు ఈ పాటలను మాకు వినిపించినాడు. ఏళ్ల తరబడి ఇంగ్లీషు పాఠాలు వల్లెవేసి, ఇంగ్లీషు వార్తలు విని, ఆ భాష మాకు వచ్చునన్న భ్రమలో ఉన్నవాళ్లము. మొదటి పాట ముగిసేసరికి మాకు పట్టుబడిన మాటలు పది కూడా లేవు. పాట వేగం ఒక కారణం. కాని అసలు కారణం అది కాదు. ఆ గాయకుడు పాఠ్యపుస్తకాల ఇంగ్లీషులో పాడడం లేదు. తన ఊరి ఇంగ్లీషులో పాడుతున్నాడు. ఇదేమి ఇంగ్లీషయ్యా అని విసుక్కుంటే, మా మిత్రుడు, "మన ఊళ్లో మనం మాట్లాడేది ఏ తెలుగో, ఇది ఆ ఇంగ్లీషు" అన్నాడు. ఆ జవాబు ఇన్నేళ్లుగా మమ్మల్ని వదలలేదు. ఈ వ్యాసం అందుకే.

ఆ బృందం పేరు ఆర్కిటిక్ మంకీస్. 2006 జనవరి 23వ తేదీన వెలువడిన వారి తొలి ఆల్బం పేరు 'వాటెవర్ పీపుల్ సే ఐ యామ్, దట్స్ వాట్ ఐ యామ్ నాట్'. జనం నన్ను ఏమంటే అది నేను కాను అని దాని తాత్పర్యం. పదమూడు పాటలు, సుమారు 41 నిమిషాలు.

ఉత్తర ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరం ఉక్కుకు పేరుపడిన ఊరు. తుప్పుపట్టని ఉక్కును 1913లో హ్యారీ బ్రియర్లీ రూపొందించినది అక్కడే. కత్తులు, చెంచాలు మొదలుకొని పెద్ద యంత్రభాగాల దాకా ఆ ఊరి కొలుములు ప్రపంచానికి పంపినాయి. యెమెన్ నుండి, పాకిస్తాన్ నుండి వలస వెళ్లిన కార్మికులు కూడా ఆ కొలుముల ముందు చెమటోడ్చినారు. 1980 దశకంలో ఆ పరిశ్రమ కుంగిపోయి, వేలాది కుటుంబాలు ఉపాధి కోల్పోయినాయి. ఆ దశకంలోనే పుట్టి, ఉక్కు వైభవాన్ని పెద్దల నోట వినడమే గాని కంటితో చూడని తరం పిల్లలు ఈ నలుగురు: పాట వ్రాసి పాడిన అలెక్స్ టర్నర్, గిటారు వాయించిన జేమీ కుక్, బాస్ గిటారు పట్టిన ఆండీ నికల్సన్, డ్రమ్ములు వాయించిన మాట్ హెల్డర్స్. షెఫీల్డ్ శివారులోని హై గ్రీన్ వారి పేట. 2001 క్రిస్మసు పండుగకు టర్నర్‌కూ, పొరుగింటి కుక్‌కూ ఇళ్లల్లో గిటార్లు బహుమతిగా దొరికినాయి. 2003 జూన్‌లో ద గ్రేప్స్ అనే చిన్న పానశాలలో మొదటి కచేరీ చేసినారు. ఆల్బం వెలువడే నాటికి టర్నర్‌కు ఇరవై ఏళ్లు నిండి మూడు వారాలు కూడా కాలేదు. అంటే మన డిగ్రీ చివరి సంవత్సరపు విద్యార్థి వయస్సు. విద్యార్థులు ఈ సంగతిని ఒక్క క్షణం మనస్సులో నిలుపుకొనవలెనని మా కోరిక.

వీరిని 'ఇండీ' రాక్ బృందమంటారు. ఇండిపెండెంట్ అనే మాటకు అది ముద్దుపేరు. సంగీత వ్యాపారమంతా కొద్ది పెద్ద సంస్థల గుప్పిట్లో ఉన్న కాలంలో, 1977 జనవరిలో మాంచెస్టర్ ప్రాంతపు బజ్‌కాక్స్ అనే బృందం అప్పు చేసిన సొమ్ముతో 'స్పైరల్ స్క్రాచ్' అనే చిన్న రికార్డును తామే అచ్చువేసుకొన్నారు. ఒక రికార్డు తీయడానికి లండను దొరల గుమ్మం ముందు నిలబడవలసిన పని లేదని దేశంలోని కుర్రకారుకు తెలిసినది అప్పుడే. తరువాత అటువంటి చిన్న సంస్థలు పుట్టగొడుగుల్లా పుట్టినాయి. రానురాను ఇండీ అనే మాట వ్యాపార పద్ధతి పేరుగా గాక ఒక బాణీ పేరుగా మిగిలి, పెద్ద సంస్థల సొమ్ముతో పాడేవారు కూడా ఆ బిరుదు తగిలించుకొన్నారు. ఆర్కిటిక్ మంకీస్ మాత్రం 2005లో చేరినది నిజంగానే స్వతంత్ర సంస్థ అయిన డొమినోలో. 1993లో లారెన్స్ బెల్ స్థాపించిన సంస్థ అది.

అంతకు ముందు వారు చేసిన పని మరింత చిత్రమైనది. తమ పాటలను సీడీల మీద ఎక్కించి కచేరీకి వచ్చినవారికి ఉచితంగా పంచిపెట్టినారు. తీసుకొన్నవారు వాటిని ఇంటర్నెట్‌లో పెట్టి ఊరూరా చేరవేసినారు. ఆ విధంగా, కొట్లలో ఒక్క పాటైనా అమ్మకానికి రాకముందే, కచేరీకి వచ్చిన జనం మాట తప్పకుండా వెంట పాడుతుండేవారు. 2005 అక్టోబరులో విడుదలైన 'ఐ బెట్ యు లుక్ గుడ్ ఆన్ ద డాన్స్‌ఫ్లోర్' మొదటి వారమే బ్రిటన్‌లో ప్రథమ స్థానానికి ఎక్కినది. ఆల్బం తొలి వారంలో 3,63,735 ప్రతులు అమ్ముడుపోయినాయి. ఒక బృందపు తొలి ఆల్బం అంత వేగంగా అమ్ముడుపోవడం బ్రిటన్ చరిత్రలో అదే మొదలు. ఆ పాటలలో చాలా భాగం అభిమానుల దగ్గర అప్పటికే ఉచితంగా ఉన్నవే. అయినా కొట్టుకు వెళ్లి సొమ్ము చెల్లించి కొన్నారు. ఉచితంగా ఇస్తే విలువ పోతుందని మనవారు చెప్పే మాట ఇక్కడ తప్పిపోయినది.

ఇంత హోరు లేచినప్పుడు అతిశయోక్తులు తప్పవు. ఎన్.ఎం.ఇ. అనే సంగీత వారపత్రిక, ఆల్బం వెలువడీ వెలువడకముందే దానిని సర్వకాలాల బ్రిటిష్ ఆల్బములలో అయిదవ స్థానంలో కూర్చోబెట్టినది. పసిబిడ్డకు పట్టాభిషేకం చేసినట్లున్నది ఆ పని. అదే ఏడు మెర్క్యురీ బహుమానం కూడా వచ్చినది, అది సబబే. కాని బహుమతుల లెక్కలతో మాకు పని లేదు. ఈ నలభై నిమిషాలలో ఉన్న ఉత్సాహం ఎక్కడి నుండి పుట్టినదన్నది మా ప్రశ్న.

ఉత్సాహం లేదనేవారు ఎవరూ ఉండరు. 'ద వ్యూ ఫ్రమ్ ది ఆఫ్టర్‌నూన్' అనే తొలి పాటలోనే హెల్డర్స్ డ్రమ్ములు తలుపు తోసుకొని ఇంట్లోకి వచ్చినట్లు వస్తాయి. గిటార్లు పరుగెత్తి, ఉన్నట్టుండి ఆగి, మళ్లీ పరుగెత్తుతాయి. ఆగిన చోట మన ఊపిరి కూడా ఆగుతుంది. నిర్మాత జిమ్ ఆబిస్ పాటలకు అనవసరపు నగిషీలు చెక్కలేదు. నలుగురు ఒక గదిలో నిలబడి వాయిస్తుండగా మనం గుమ్మంలో నిలబడి విన్నట్లుంటుంది. అయితే గిటారును గట్టిగా వాయించిన బృందాలు ఇంగ్లండులో వేలకు వేలున్నాయి. వాటిలో అధిక భాగం పేర్లు కూడా మనకు మిగలలేదు. చప్పుడు వేరు, చైతన్యం వేరు. ఈ ఆల్బం చైతన్యం డ్రమ్ములలో కంటె టర్నర్ నాలుకలో ఉన్నదని మా అభిప్రాయం. అతడు పాదానికి పట్టవలసిన మాటల కంటె రెండు మాటలు ఎక్కువే కూరుతాడు. బస్సు కదిలిపోతుండగా స్నేహితునికి రాత్రి జరిగినదంతా చెప్పి ముగించవలెనన్న తొందర అందులో ఉన్నది. అటువంటి తొందర ఇంటి భాషలో తప్ప పుట్టదు.

ఇక్కడ ఒక భాషాశాస్త్ర విషయం చెప్పక తప్పదు. పీటర్ ట్రడ్గిల్ అనే ఇంగ్లండు భాషాశాస్త్రవేత్త 1983లో తమ దేశపు గాయకుల ఉచ్చారణను పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించినాడు. 1950 దశకపు చివరి నుండి బ్రిటిష్ గాయకులు మాట్లాడేటప్పుడు ఒక రీతిగా, పాడేటప్పుడు అమెరికా వారి రీతిగా పలుకుతూ వచ్చినారని అతడు చూపినాడు. మామూలుగా పలకని రేఫను పాటలో పలకడం, అచ్చులను అమెరికా వంకలు తిప్పడం అందులోని లక్షణాలు. బీటిల్స్ వారి తొలి ఆల్బములలో ఈ రేఫ ఎక్కువగా వినబడి, పోనుపోను తగ్గిపోయినదని కూడా లెక్కగట్టినాడు. రాక్ సంగీతం పుట్టినిల్లు అమెరికా గనుక, ఆ పాట పాడవలెనంటే ఆ నాలుక కూడా అరువు తెచ్చుకొనవలెనని వారి నమ్మకం కాబోలు. ప్రబంధం వ్రాయవలెనంటే ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో వ్రాయవలెనని మన పండితులు నమ్మినట్లే.

'ఫేక్ టేల్స్ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో' అనే పాట ఈ అరువు నాలుక మీద వ్రాసిన ఎత్తిపొడుపు. షెఫీల్డ్ పక్కనే ఉన్న రోథర్‌హామ్ వంటి చిన్న ఊరి కుర్రవాడు వేదిక ఎక్కగానే అమెరికా మహానగరవాసి వేషం కట్టడాన్ని చూసి టర్నర్ నవ్వుతాడు. ఆ నవ్వు కూడా యార్క్‌షైర్ యాసలోనే ఉండడం వల్ల దానికి పదును వచ్చినది. 'సమ్‌థింగ్' అనవలసిన చోట 'సమ్మట్' అంటాడు. 'వాజ్' ఉండవలసిన చోట 'వర్' పెడతాడు. మరొక పాటకు 'మార్డీ బమ్' అని పేరే పెట్టినాడు. మార్డీ అంటే ఆ ప్రాంతంలో మూతి ముడుచుకొని కూర్చొనే మనిషికి చెప్పే మాట. మన 'అలక'కు దగ్గర. 'గుస్సా అయింది' అనే మాటకు ఇంకా దగ్గర. లండనులోని శ్రోతకు సయితం ఆ మాట కొత్తదే అయి ఉండవచ్చును. అయినా టర్నర్ దానికి టీక వ్రాయలేదు, మార్చలేదు. వినేవాడే ఆ మాట నేర్చుకొన్నాడు. షెఫీల్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు జోన్ బీల్ 2009లో ఈ బృందపు ఉచ్చారణ మీదనే పరిశోధన వ్యాసం ప్రకటించినది. ఊళ్లో మాట్లాడుకొనే మాట పాటగా వెళ్లి అదే ఊరి విశ్వవిద్యాలయంలో పాఠమై కూర్చొన్నదన్న మాట.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పుకొనవలసి ఉన్నది. కొన్నేళ్ల క్రితం వార్షిక సంచికకు ఒక విద్యార్థి తన తండ్రి మెకానిక్ షెడ్డును గురించి వ్యాసం ఇచ్చినాడు. అందులో తండ్రి కొడుకుతో, "గట్ల గాదు బేటా, పానా గిట్ల పట్టు" అంటాడు. తెలుగు విభాగం సంపాదకులుగా మేము ఎర్ర సిరా తీసి దానిని, "అలా కాదు నాయనా, స్పానరును ఇలా పట్టుకో" అని దిద్దినాము. సంచిక అచ్చయిన తర్వాత ఆ పిల్లవాడు మా దగ్గరకు వచ్చి, "మంచిగనే ఉన్నది సార్. కానీ మా అబ్బా ఎన్నడూ ఇట్ల మాట్లాడలేదు" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నట్లయితే మాకు తేలికగా ఉండేది. నాటి సాయంకాలం మాకు హాస్టలు గదిలో మిత్రుడన్న మాట జ్ఞాపకం వచ్చినది. ఆ పిల్లవాడు మళ్లీ సంచికకు ఏమీ ఇవ్వలేదు.

గిడుగు, గురజాడల పోరాటాన్ని పరీక్షకు పాఠంగా చెప్పే మేమే ఆ పని చేసినాము. ఈ వ్యాసం కూడా బడి భాషలోనే నడుస్తున్నదని ఎవరైనా ఎత్తిపొడిస్తే మా దగ్గర జవాబు లేదు. చేతికి పట్టిన అలవాటు అంత త్వరగా వదలదు. ఉర్దూ విభాగం మిత్రులు తమకు ఈ దోషం అంటదని అనుకొనరాదు. గోలకొండ పాలకుడు ముహమ్మద్ కులీ కుతుబ్ షా ప్రేమను, పండుగను, ప్రార్థనను దక్కనీలోనే పలికినాడు. వజ్హీ 1635లో 'సబ్‌రస్' వంటి గంభీరమైన గ్రంథాన్ని ఆ భాషలోనే వ్రాసినాడు. అటువంటి భాషకు నేడు మనం మిగిల్చిన చోటు ముషాయిరాలో నవ్వుల వంతు. సులేమాన్ ఖతీబ్ నవ్వు వెనుక కన్నీరు దాచిన కవి; వినేవారు మాత్రం నవ్వినంత వరకే విని చప్పట్లు కొట్టినారు. తెలంగాణ పలుకుబడికి మన సినిమాలు చాలాకాలం ఇచ్చిన వేషాలు హాస్యగానివో, రౌడీవో. ఇంటి మాటకు ఏడిచే హక్కు, ఆలోచించే హక్కు లేవన్నట్లు!

టర్నర్ ఆ రెండు హక్కులను అడగకుండానే తీసుకొన్నాడు. అదే యాసలో పరిహాసం ఆడినాడు, అదే యాసలో బరువైన మాట కూడా చెప్పినాడు. 'వెన్ ద సన్ గోస్ డౌన్' అనే పాట షెఫీల్డ్‌లోని నీప్‌సెండ్ ప్రాంతంలో రాత్రివేళ వీధిలో నిలబడి శరీరం అమ్ముకొనే స్త్రీని, ఆమెను పీల్చుకొని బ్రతికే మగవాణ్ణి గురించినది. గిటారు మెల్లగా, గొంతు ఇంకా మెల్లగా మొదలవుతాయి. పక్కింటి వాడు జాలిపడి గుసగుసగా చెబుతున్నట్లుంటుంది. ఆ తరువాత పాట ఒక్కసారిగా పగులుతుంది. నీతిబోధ లేదు, కన్నీటి ధార లేదు; చూసినవాడి రోషం ఉన్నది. 'రయట్ వ్యాన్' అనే నెమ్మదైన పాటలో పోలీసులతో వాగ్వాదానికి దిగిన పిల్లల అల్లరి నవ్వుగా మొదలై దెబ్బలతో ముగుస్తుంది. పత్రికలో నాలుగు పంక్తుల వార్త కూడా కాని సంగతులివి.

మద్యశాలలు, నృత్యశాలలు నిండిన ఈ పాటలు మన పిల్లలకు తగునా అని కమిటీ పెద్దలు అడుగవచ్చును. అడగడం వారి ధర్మం. అయితే ఉర్దూ గజలు చదువుకొన్నవారికి మైఖానా కొత్తది కాదు గదా! రియాజ్ ఖైరాబాదీ జీవితమంతా మధువును గురించి వ్రాసి ఒక్క చుక్కైనా ముట్టలేదని ప్రతీతి. ఒకచోటు గురించి వ్రాయడం వేరు, ఆ చోటును మెచ్చుకొనడం వేరు. టర్నర్ ఈ పాటలలో గుంపు మధ్య నిలబడి కూడా గోడకు ఆనుకొని చూసే మనిషి. తలుపు దగ్గర కాపలావాళ్లు లోపలికి రానివ్వని కుర్రవాడి అవమానం, అర్ధరాత్రి టాక్సీలో జరిగే పేచీ, తెల్లవారిన తర్వాత వెలవెలబోయిన ముఖాలు అతని వస్తువులు. విన్నవారికి ఆ రాత్రులలోకి దూకవలెనని గాక, వాటిని కనిపెట్టి చూడవలెనని తోస్తుంది.

మాకు నచ్చని దొకటున్నది. ఈ పాటలలో ఆడపిల్లలు చాలాసార్లు కుర్రవాని చూపులోనే కనబడతారు. వారి వైపు నుండి కథ ఎట్లుంటుందో పాటకు పట్టలేదు. పందొమ్మిదేళ్ల వయస్సు మీద కొంత నెపం వేయవచ్చును గాని అంతా వేయలేము. మరొకటి కూడా చెప్పవలెను. అమెరికా వేషాన్ని ఎద్దేవా చేసిన ఈ టర్నరే తరువాత లాస్ ఏంజెలిస్ చేరినాడు, 2013లో 'ఎ.ఎం.' అనే ఆల్బం అక్కడే తయారైనది. అతని గొంతు మీద అమెరికా నీడ పడినదని విన్నవారు గుసగుసలాడినారు. మనిషి ఎక్కడికైనా వెళ్లవచ్చును, ఎట్లా అయినా మారవచ్చును. తొలి ఆల్బం మాత్రం మారదు. ఆ యాస అందులో పదిలంగానే ఉన్నది.

కమిటీవారికి మా మనవి ఒక్కటే. వచ్చే సంచికలో కొన్ని పుటలు, పదైనా చాలును, విద్యార్థులు తమ ఇంట్లో, తమ బస్తీలో మాట్లాడే మాటల్లోనే వ్రాసిన వాటికి కేటాయించవలెను. ఆ పుటల దగ్గర మా చేత ఎర్ర సిరా పట్టనివ్వరాదు. అక్షరదోషాలు దిద్దుతాము, అబ్బా మాట దిద్దము. విద్యార్థులు కూడా దానిని హాస్యానికే పరిమితం చేయరాదు. షెడ్డు గురించి, మేడ మీద ఎండబెట్టిన మిరపకాయల గురించి, రాత్రి షిఫ్టు నుండి వచ్చిన అన్న గురించి వ్రాయవచ్చును.

ఆల్బం పేరు సంగతి మిగిలిపోయినది. అలన్ సిలిటో 1958లో వ్రాసిన 'శాటర్‌డే నైట్ అండ్ సండే మార్నింగ్' అనే నవలలో నుండి తీసుకొన్న పేరు అది. నాటింగ్‌హామ్‌లో సైకిళ్ల కర్మాగారంలో లేతు యంత్రం మీద పనిచేసే ఆర్థర్ సీటన్ ఆ కథానాయకుడు. జనం తనకు అంటించే చీటీలను పీకి పారవేసే మనిషి. 1960లో అది చలనచిత్రంగా కూడా వచ్చినది. దాదాపు అర్ధశతాబ్దం తరువాత మరొక కార్మిక నగరపు పిల్లలు ఆ మాటను తమ పాటలకు శిరోనామంగా పెట్టుకొన్నారు.

ఆ మాట అర్థమేమిటో 'ఎ సర్టెన్ రొమాన్స్' అనే చివరి పాట వింటే తెలుస్తుంది. టర్నర్ తన పేటలోని మొరటు కుర్రవాళ్లను వర్ణిస్తాడు. వారి దుస్తులు, వారి బూట్లు, వారి తగాదాలు. మొదట ఆ వర్ణనలో చులకన ఉన్నది. చదువుకొని ఊరిని దాటినవాడు వెనక్కు తిరిగి చూసే చూపు అది. మనలో చాలామందికి తెలిసిన చూపే. పాట సగం దాటిన తర్వాత ఆ చూపు మెత్తబడుతుంది. వారిలో తన స్నేహితులు కూడా ఉన్నారని గుర్తుకొస్తుంది. తప్పు చేసినా వారి మీద తనకు ఆ విధంగా కోపం రాదని ఒప్పుకొంటాడు. ఆ ఒప్పుకోలుతో మాటలు అయిపోతాయి. గిటార్లు మాత్రం ఆగవు. ఒకదానిని ఒకటి తరుముకొంటూ చాలాసేపు మోగుతూనే ఉంటాయి.